వయొలిన్‌ను గట్టి జిగురుతో ఎందుకు అతికించరు?

వయొలిన్ బాగుచేసేవారు పశువుల తోలు ఉడికించి తీసిన జిగురే వాడతారు. ఊడకుండా పట్టేసే జిగుర్లు బజారులో బోలెడు ఉండగా, ఇదెందుకు?

చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. వయొలిన్ పైపలక స్ప్రూస్ కలప. మందం సుమారు 3 మిల్లీమీటర్లే. ముడుచుకునేటప్పుడు అతుకు వదలకపోతే పలకే నిలువునా చీలిపోవచ్చు. తోలు జిగురైతే ముందు అతుకే విడిపోతుంది. దాన్ని మళ్లీ వేసుకోవచ్చు.

లోపలి మరమ్మతుకు పైపలక ఊడదీయాలి. పలుచని మొండి కత్తిని అతుకులోకి దూర్చి, అంచు వెంబడి ఓపిగ్గా జరుపుతారు. ఎండిన జిగురు పెళుసు కాబట్టి చిటపటమంటూ విడివడుతుంది. చీలికను అతికించాక, లోపలివైపు గోరంత స్ప్రూస్ ముక్కలు దన్నుగా అంటిస్తారు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ముచ్చటేసేది ఆ ముక్కలే. బయటికి అసలు కనబడవు, అయినా ఎంతో నునుపుగా చెక్కుతారు!

ఇటలీలోని క్రెమోనాలో వయొలిన్లు చేసిన స్ట్రాడివారి 1737లో చనిపోయారు. ఆయన వాద్యాలు ఇప్పటికీ కచేరీల్లో మోగుతున్నాయి. ఇన్నేళ్లలో వాటిని విప్పి, బాగుచేసి, మళ్లీ మూయగలిగారంటే ఈ జిగురు చలవే.

మీ వయొలిన్ అతుకు విడితే ఇంట్లో సూపర్ గ్లూ పోయకండి. తోలు జిగురు గోరువెచ్చని నీటికి మెత్తబడుతుంది, అది మెత్తబడదు.