హాల్లో టీవీ బెడ్‌రూమ్‌లోకి రావాలి, వైరు మాత్రం రాకూడదు

ఈ ఎపిసోడ్ చాలా రోజుల నుంచి మీరు అడుగుతున్న ప్రశ్న మీద. "అన్నా, సెట్‌టాప్ బాక్స్ హాల్లో ఉంది, లోపలి గదిలో ఇంకో టీవీ ఉంది. గోడకి కన్నం పెట్టకుండా, వైరు లాగకుండా ఆ టీవీలో కూడా చానెల్స్ వస్తాయా?" వస్తాయండీ. కాకపోతే దానికి రెండు మూడు దారులున్నాయి, ఏ దారిలో వెళ్తున్నామో తెలియకుండా కొంటే డబ్బులు పోతాయి. నేను దాదాపు పోగొట్టుకున్నంత పని చేశాను. అందుకే మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మేం గుంటూరులో అద్దెకి ఉంటాం, రెండో అంతస్తు. మా నాన్నమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చింది, ఇక కొన్ని వారాలు మంచం, వాకర్, ఆ గది. అంతే. హాల్లో టీవీ పెడితే ఆవిడకి మాటలు వినిపిస్తాయి, బొమ్మ కనపడదు. రాత్రి సీరియల్ టైమ్‌లో గోడ అవతల నుంచి "ఒరేయ్, ఇప్పుడు ఏడిచేది అత్తా, కోడలా?" అని కేకేసి అడిగేది. మొదట్లో అందరం నవ్వాం. నాలుగు రోజులకి అడగడం మానేసింది. ఏం నాన్నమ్మా అంటే "వద్దులేరా, నిద్రొస్తోంది" అంది. ఏడున్నరకి ఎవరికి నిద్రొస్తుంది చెప్పండి?

ఆ గదిలో పాత 32 అంగుళాల టీవీ ఒకటి ఉంది. స్మార్ట్ టీవీ కాదు, కానీ వెనక హెచ్‌డీఎమ్‌ఐ పోర్ట్ ఉంది. ఓనర్ గారు ఇల్లు ఇచ్చేటప్పుడే గోడకి మేకు కూడా కొట్టొద్దన్నారు. పోనీ గుమ్మంలోంచి నేల మీద వైరు పరుద్దామా అంటే, డాక్టర్ గారు పంపించేటప్పుడు చెప్పిన మొదటి మాటే అది: ఆవిడ నడిచే దారిలో మ్యాట్లు, వైర్లు ఏవీ ఉండకూడదు. ఒకసారి పడిన మనిషి. టీవీ కోసం రెండోసారి పడేస్తామా? కాబట్టి వైరు లేకుండానే కావాలి.

ఇప్పుడు అసలు విషయం. మనం "టీవీ సిగ్నల్" అంటాం కదా, అది ఒకటే సిగ్నల్ కాదు. డాబా మీద డిష్ నుంచి బాక్స్‌కి వచ్చేది ఒకటి. బాక్స్ నుంచి టీవీకి వెళ్లేది ఇంకొకటి. ఈ రెండూ కాకుండా, అదే చానెల్ ఇంటర్నెట్‌లో వచ్చేది మూడోది. వైర్‌లెస్‌గా పంపాలి అంటే ఈ మూడిట్లో దేన్ని పంపాలి? ఇది తేల్చుకోకుండా షాపింగ్ యాప్ ఓపెన్ చేయొద్దు.

మొదటిది వదిలేయండి. డిష్ నుంచి వచ్చే కేబుల్లో 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య సిగ్నల్ కిందకి వస్తుంది. అదే కేబుల్లో బాక్స్ పైకి 13 లేదా 18 వోల్టుల కరెంటు పంపిస్తుంది. డిష్ ముందు గుండ్రంగా ఉండే ఎల్‌ఎన్‌బీ ఆ కరెంటుతోనే పనిచేస్తుంది, అది 13 వోల్టులా 18 వోల్టులా అనేదాన్ని బట్టే ఏ పోలరైజేషన్ పట్టుకోవాలో తెలుసుకుంటుంది. అంటే అది రెండు వైపులా నడిచే దారి. దాన్ని గాల్లో పంపే బొమ్మలాంటి పెట్టె ఇళ్లకి దొరకదు. రెండో టీవీకి విడిగా కనెక్షన్, రెండో బాక్స్ తీసుకున్నా డాబా మీద నుంచి ఇంకో కేబుల్ దిగాల్సిందే. మన ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

సరే, నేను మొదట చేసిన పని ఏంటంటే, మనందరం చేసేదే. ఫోన్. మా ఫ్రెండ్ దగ్గర స్క్రీన్ మిర్రరింగ్ డాంగిల్ ఉంటే తెచ్చి నాన్నమ్మ టీవీకి పెట్టాను. నా ఫోన్లో చానెల్ పెట్టి మిర్రర్ చేశాను. బొమ్మ వచ్చింది! ఆవిడ మొహం వెలిగిపోయింది. పది నిమిషాల తర్వాత నాకు ఫోనొచ్చింది, ఫ్రెండ్ పేరు టీవీ నిండా పడింది. ఫోన్ వేడెక్కింది. నేను పాలకి కిందకి దిగాను, టీవీ నీలం రంగైపోయింది. పైగా ఇంకో యాప్ పెడితే మాట వస్తోంది, బొమ్మ నల్లగా ఉంది. అది డాంగిల్ పాడవడం కాదు. చాలా ఓటీటీ యాప్‌లు కాపీ కాకుండా స్క్రీన్‌ని కావాలనే నల్లగా చేస్తాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే మిర్రర్‌కీ, కాస్ట్‌కీ తేడా చాలామందికి తెలియదు. మిర్రర్ అంటే మీ ఫోన్ తన స్క్రీన్‌ని నిమిషం నిమిషం వీడియోగా తీసి టీవీకి పంపిస్తూ ఉంటుంది. చాకిరీ మొత్తం ఫోన్‌దే. స్క్రీన్ ఆఫ్ చేస్తే అయిపోయింది. కాస్ట్ అంటే మీ ఫోన్ టీవీకి పెట్టిన స్టిక్‌కి "ఫలానా వీడియో నువ్వే తెచ్చుకో" అని చెప్పి పక్కకి తప్పుకుంటుంది. స్టిక్ వైఫై నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. మీరు ఫోన్ లాక్ చేసినా, కాల్ మాట్లాడుకున్నా, ఇంకేదైనా చూసుకున్నా టీవీ ఆగదు. యాప్‌లో పైన చిన్న డబ్బా, మూలలో గీతలు ఉన్న గుర్తు ఉంటుందే, అది కాస్ట్. నోటిఫికేషన్ ప్యానెల్ దింపితే కనిపించే స్క్రీన్ కాస్ట్, స్మార్ట్ వ్యూ లాంటివి మామూలుగా మిర్రర్. పేర్లు కూడా కలిపేసి పెట్టారు, జనం పొరపడక ఏం చేస్తారు.

తర్వాత నేను రెండో దారి పట్టాను, అంటే బాక్స్ నుంచి బయటకొచ్చే బొమ్మనే గాల్లో పంపడం. వైర్‌లెస్ హెచ్‌డీఎమ్‌ఐ కిట్ అంటారు. రెండు పెట్టెలు. ఒకటి హాల్లో సెట్‌టాప్ బాక్స్‌కి, ఇంకోటి లోపలి టీవీకి. ఇంటర్నెట్ అక్కర్లేదు, నెలనెలా డబ్బులు అక్కర్లేదు. నాకు 7 వేలు దాటింది. డబ్బా మీద 30 మీటర్లు అని రాసుంది. మా హాలుకీ ఆ గదికీ మధ్య 6 మీటర్లు ఉంటుందేమో. ఇంకేం, అనుకున్నాను.

పెట్టగానే బొమ్మ వచ్చింది. తలుపు వేయగానే గడులు గడులుగా విరిగిపోయి ఆగిపోయింది.

ఎందుకో చూద్దాం. ఫుల్ హెచ్‌డీలో అడ్డం 1920, నిలువు 1080, అంటే ఒక్క ఫ్రేమ్‌లో 20 లక్షలకి పైగా చుక్కలు. ఒక్కో చుక్కకి 24 బిట్లు, సెకనుకి 50 ఫ్రేములు. లెక్క వేయండి, సెకనుకి దాదాపు రెండున్నర గిగాబిట్లు. మామూలు వైఫై అంత మోయలేదు. అందుకే కిట్ ఆ బొమ్మని బాగా కుదించి, 5 గిగాహెర్ట్జ్ మీద పంపి, అవతల మళ్లీ విప్పుతుంది. తమాషా ఏంటంటే ఉపగ్రహం నుంచి ఆ చానెల్ మన ఇంటికి వచ్చేటప్పుడే కుదించి, సెకనుకి కొన్ని మెగాబిట్లుగానే వచ్చింది. బాక్స్ దాన్ని విప్పింది, కిట్ మళ్లీ కుదించింది. రెండుసార్లు ఉతికిన చొక్కాలా బొమ్మ కాస్త వెలుస్తుంది. నాన్నమ్మకి అది పట్టలేదు, మీకు క్రికెట్‌లో బంతి వెనక పట్టొచ్చు.

ఇక ఆ 30 మీటర్లు. అది మధ్యలో ఏ అడ్డం లేకుండా, ఎదురెదురుగా ఉంటే. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాశారు, నేను చదవలేదు. 5 గిగాహెర్ట్జ్ తరంగం 2.4 కన్నా పొట్టిది, ఇటుక గోడ దాటేసరికి ఎక్కువ బలం కోల్పోతుంది. కాంక్రీటైతే ఇంకా ఎక్కువ, లోపల ఇనుప చువ్వలుంటాయి కదా. ఇనుముని మాత్రం అసలు దాటలేదు, తగిలి వెనక్కి తిరిగొస్తుంది. మా ఇంట్లో గోడ కన్నా పెద్ద దొంగ వేరే ఉంది. నాన్నమ్మ బీరువా! పెళ్లప్పటి స్టీలు బీరువా, నిలువుటద్దం ఉన్నది, సరిగ్గా ఆ గోడకే ఆనించి ఉంది. అంటే నేను సిగ్నల్‌ని ఇనుప తలుపులోంచి పంపాలని చూస్తున్నానన్నమాట.

నాన్న, నేను కలిసి బీరువాని పక్క గోడకి జరిపాం. లోపల ఏముందో తెలియదు కానీ ఇంటి పత్రాల కన్నా బరువుగా ఏదో ఉంది. హాల్లో పెట్టెని టీవీ వెనక నుంచి తీసి స్టాండ్ పైన, నేలకి నాలుగడుగుల ఎత్తులో పెట్టాను. అవతల పెట్టె కూడా టీవీ వెనక కాకుండా పక్కకి, గుమ్మం వైపు. తలుపు వేశాను. బొమ్మ ఆగలేదు. కిట్ రిటర్న్ పెడదామని అప్పటికే యాప్ ఓపెన్ చేసి ఉంచాను, మూసేశాను.

కొనేటప్పుడు ఇంకో మూడు చూడండి. ఒకటి, హాల్లో పెట్టె మీద రెండో హెచ్‌డీఎమ్‌ఐ పోర్ట్, లూప్ అవుట్ అంటారు, ఉందా? లేకపోతే లోపలి టీవీ వస్తుంది, హాల్ టీవీ పోతుంది, ఇంట్లో గొడవ. రెండు, హెచ్‌డీసీపీకి సపోర్ట్ ఉందా? బాక్స్ బొమ్మకి తాళం వేసి పంపుతుంది. కిట్‌కి ఆ తాళం తీయడం రాకపోతే నల్ల స్క్రీనే. మూడు, రిమోట్. రిమోట్ నుంచి వచ్చేది ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనపడని వెలుగు. వెలుగు గోడ దాటదు. కావాలంటే ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు రిమోట్ నొక్కి చూడండి, చాలా ఫోన్లలో ఆ బల్బు ఊదా రంగులో మెరుస్తుంది. మంచి కిట్లతో ఒక సన్నటి వైరు, చివర చిన్న కన్ను ఇస్తారు. దాన్ని బాక్స్ ముందు అంటించాలి. నాన్నమ్మ తన గదిలో బటన్ నొక్కితే అవతలి పెట్టె అందుకుని ఇవతల ఆ కన్నుతో బాక్స్‌కి చెప్తుంది. అది లేకపోతే చానెల్ మార్చమని మళ్లీ గోడ అవతల నుంచి కేకలే.

రకాలు కూడా చెప్పేస్తా త్వరగా. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులుండే పాత 2.4 గిగాహెర్ట్జ్ ఏవీ సెండర్లు ఇంకా అక్కడక్కడా దొరుకుతున్నాయి. పక్కింటి వైఫైలు, మన మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అదే బ్యాండ్‌లో ఉంటాయి, వద్దు. 60 గిగాహెర్ట్జ్ కిట్లు బొమ్మ అద్భుతంగా ఇస్తాయి, కానీ ఆ తరంగం 5 మిల్లీమీటర్లే, ఒకే గదిలో ప్రొజెక్టర్‌కి బాగుంటుంది, పక్క గదికి పనికిరాదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. రెండో రోజే అసలు చిక్కు. బాక్స్ ఒకటి, చానెల్ ఒకటి. లోపలి టీవీ హాల్ టీవీకి నీడ లాంటిది, అంతకు మించి కాదు. పొద్దున్న ఆవిడ ఎస్‌వీబీసీలో స్వామివారి సేవ చూస్తుంటే నాన్న హాల్లో న్యూస్ డిబేట్ పెట్టారు. గర్భగుడి నుంచి ఒక్కసారిగా అరుపుల్లోకి వెళ్లిపోయింది పాపం. ఆవిడ తన రిమోట్‌తో వెనక్కి మార్చింది. నాన్న మళ్లీ మార్చారు. ఎవరు మారుస్తున్నారో ఇద్దరికీ తెలియదు, ఐదు నిమిషాలు బాక్స్ పాడైందనుకున్నారు.

అప్పుడు మూడో దారికి వచ్చాను. స్టిక్. కిట్ ధరలో సగం కూడా పడలేదు. ఎస్‌వీబీసీ యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది, తెలుగు న్యూస్ చానెల్స్ చాలావరకు వస్తాయి. సీరియల్స్‌కి ఆ చానెల్ వాళ్ల యాప్ ఉండాలి, కొన్నిటికి డబ్బులు కట్టాలి. హాల్లో ఎవరు ఏం చూస్తున్నా దీనికి సంబంధం లేదు. నష్టాలూ ఉన్నాయి. లైవ్ కాస్త వెనక నడుస్తుంది, ఒక్కోసారి అర నిమిషం. పక్కింటివాళ్లు సిక్స్ అని అరిచాక మీ బౌలర్ పరుగు మొదలుపెడతాడు. డేటా కూడా చూసుకోవాలి. 5 ఎమ్‌బీపీఎస్ చొప్పున గంట చూస్తే 2.25 జీబీ. రోజుకి 1.5 జీబీ ప్యాక్ హాట్‌స్పాట్ మీద నడిపిస్తే 40 నిమిషాలు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేకపోతే ఈ దారి పెట్టుకోవద్దు. ఇంకోటి, స్టిక్‌ని పాత టీవీ వెనక యూఎస్‌బీకి పెట్టకండి, కరెంటు చాలక మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. దాని అడాప్టర్ దానికి పెట్టండి.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఆవిడ చెప్పింది. "ఒరేయ్, ఇందులో నంబర్లు ఏవిరా?" నిజమే. నలభై ఏళ్లుగా టీవీ అంటే నంబర్ నొక్కితే చానెల్. హోమ్, యాప్, ప్రొఫైల్, ఎవరు చూస్తున్నారు అని అది అడిగితే ఆవిడ "నేనేరా" అంటుంది టీవీతో. మనకి సులువు కదా అని అందరికీ సులువు కాదు. అందుకని రెండూ ఉంచాం. సాయంత్రం అందరూ ఎలాగూ సీరియలే చూస్తారు, కిట్ మీద, ఆవిడ నంబర్ల రిమోట్‌తో. పొద్దున్న నేను ఆఫీసుకి వెళ్లేముందు ఫోన్ నుంచి ఎస్‌వీబీసీ కాస్ట్ చేసి వెళ్లిపోతాను. ఇప్పుడు ఆవిడ వాకర్‌తో హాల్లోకి వచ్చేస్తోంది. న్యూస్ చూడటానికి నాన్న లోపలి గదికి వెళ్తున్నారు.

మీరు కొనేముందు మీ ఫోన్‌తో చిన్న పరీక్ష చేయండి. రూటర్‌ని, వీలైతే, హాల్లో టీవీ దగ్గరే పెట్టండి. ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కి కనెక్ట్ చేసి లోపలి గదిలో టీవీ ఉండే చోట పెట్టి, తలుపు వేసి, ఒక 1080పి వీడియో పది నిమిషాలు ఆడించండి. ఆగకుండా ఆడితే కిట్‌కీ, స్టిక్‌కీ రెండిటికీ ఆశ ఉంది. 5 గిగాహెర్ట్జ్ తెగిపోయి 2.4 మాత్రమే నిలబడితే కిట్ కొనొద్దు, స్టిక్‌కి 2.4 మీద కూడా పని జరగొచ్చు. రెండూ నిలబడకపోతే ముందు ఆ గోడకి ఆనించి ఏముందో చూడండి. బీరువా ఉంటే, జరపడానికి ఇంకో మనిషిని పిలవండి, ఒక్కరే ట్రై చేసి నడుం పట్టేయించుకోకండి. ఫ్రిజ్ అయినా అంతే. ఉంటానండీ.