ఏటి యిసుకయు, మన బావుల నీరును

వేసవిలో ఎండిన యేటిని చూచి, అందు ఇసుక తప్ప మఱేమియు లేదని చాలమంది తలంతురు. కాని ఆ యిసుకలోనే మూరెడు లోతున చెలమ తీసి, కడవ నింపుకొనుట మన పల్లెలలో అందఱెఱిగినదే. ఏటి నీరు ఎక్కడికిని పోలేదు; ఇసుకలోనికి దిగి నిలిచియున్నది.

ముతక యిసుకలో దాదాపు మూడవ వంతు ఖాళీయే. రేణువుల నంటుకొని యుండునది పోగా, మన కందు నీరు అయిదవ వంతని మితముగా లెక్కింతము. ఎకరము మేర, ఒక మీటరు లోతు తడి యిసుక సుమారు 4,000 ఘనపు మీటర్లు. అందు 800 ఘనపు మీటర్ల నీరు, అనగా 8 లక్షల లీటర్లు నిలుచును. ఇంతటి తొట్టిని సిమెంటుతో కట్టింపవలె నన్నచో మన సంఘములలో దేనికి తాహతు కలదు?

ఇంతకంటె పెద్ద నష్టము గట్టు మీది బావులకు కలుగును. ఏటి నీరు, బావి నీరు వేఱు వేఱు కావు. వర్షములు వెనుకబడిన పిమ్మట భూమిలోని నీరు ఏటివైపునకు వాలి, మెల్లగా దిగుచుండును. ఏటి అడుగు నిలువెత్తు లోతునకు దిగినచో, ఆ వాలు హెచ్చి బావులును కొంచెము కొంచెముగా దిగును. ఊటకాలువ తల ఎండి మెట్టమీద నిలుచును. రైతు వానల నిందించి, బావి లోతు చేయుటకు సంఘమునందు అప్పు తీసికొనును. అట్టి అప్పులకు అర్జీలు వచ్చినప్పుడు, ఏటిలో ఎంత లోతున త్రవ్వుచున్నారో ముందుగా చూడుడని మేము పంచాయతీదారులకు చెప్పుచుందుము.

గుంట త్రవ్వినచోటనే యుండు ననుకొనుట పొరపాటు. వరద వచ్చినప్పుడు గుంట యొక్క ఎగువ అంచు విఱిగి, కోత పైకి ప్రాకును. పైనుండి వచ్చు ఇసుక గుంటలోనే పడిపోవుటచే దిగువకు పోవు నీరు వట్టిదై, గట్లను, లంక భూములను కోసికొనును. వంతెన స్తంభముల పునాదులు బయటపడుటకును ఇదియే కారణము. వరదకు పొలములలో వేసిన మేటను తీసివేయుట న్యాయమే. కాని పాత నేలమట్టమునకు దిగువను తీయరాదు. ఏటి ప్రక్క పొలములో లోతైన గుంట యున్నచో, నడిమి కట్ట తెగిననాడు ఏరు పొలములోనుండియే దారి చేసికొనగలదు.

తీసినంత ఇసుక మరల వచ్చునందురా? పూర్వము చాలవఱకు వచ్చెడిది. ఇప్పుడు కృష్ణకు శ్రీశైలము, నాగార్జునసాగరము, పెన్నకు సోమశిల అడ్డముగా నున్నవి. ఇసుక చాలభాగము ఆ కట్టల వెనుకనే నిలిచిపోవుచున్నది. ఏటేట వచ్చి చేరునంతయే తీయవలె ననుట ఇందుచేతనే.

శాసనములకు లోటు లేదు. చిన్న ఖనిజముల కౌలులకు, అవి 5 హెక్టార్లకు లోపడినవైనను, పర్యావరణ అనుమతి కావలెనని సుప్రీము కోర్టు 2012 ఫిబ్రవరిలో ఆజ్ఞాపించినది. 2016 నాటి కేంద్ర మార్గదర్శకముల ప్రకారము 3 మీటర్లకు మించియు, నీటిమట్టమునకు దిగువను త్రవ్వరాదు. 2002 నాటి వాల్టా చట్టపు నిబంధనలు రైతున కింకను దగ్గఱివి: సాగునకు గాని, త్రాగుటకు గాని ఏర్పడిన బావులకు, వంతెనలకు, ఆనకట్టలకు 500 మీటర్ల లోపల త్రవ్వరాదు, గట్టునుండి 15 మీటర్లు, లేదా ఏటి వెడల్పులో అయిదవ వంతు, ఏది హెచ్చో అంత విడువవలయును. చిన్న వాగుల ఇసుక ప్రక్క గ్రామముల వాడుకకే. ఆంధ్రప్రదేశములో 2024లో ఉచిత ఇసుక విధానము వచ్చినది. ఇసుకకు వెల లేదనియే దాని అర్థముగాని, ఈ హద్దులు లేవని కాదు. అనుమతి లేక త్రవ్విన వారికి 5 సంవత్సరముల వఱకు ఖైదును, జరిమానాయును కలవు.

ఇల్లు కట్టువానికి ఇసుక కావలయును. ఇది మేము కాదనము. ట్రాక్టరు బాడుగతో బ్రతుకువారు మన సభ్యులలోనే యున్నారు. అందుచేతనే ఈ మాట సంఘములో ఎవరును ఎత్తరు. కాని ఎడ్లబండి, పార తీయు ఇసుకకును, రాత్రివేళ యంత్రము తోడు ఇసుకకును పోలిక లేదు.

సంఘములు చేయదగిన పని యిది. ఏటి గట్టున నాలుగైదు బావులలో ప్రతి నెల మొదటి తేదీని నీటిమట్టము కొలిచి పుస్తకములో వ్రాయుడు. ఊటకాలువ తలవద్ద రాతిపై రంగు గీత వేసి, వరదకు ముందును వెనుకను ఏటి అడుగు ఎంత దిగినదో చూడుడు. రెండేండ్ల లెక్క చేతనున్నచో గ్రామసభ తీర్మానముతో దానిని జతపఱచి తహసీలుదారునకును, గనుల శాఖకును, భూగర్భజల శాఖకును పంపవచ్చును. పంపిన ప్రతికి రసీదు తీసికొని సంఘపు పెట్టెలో భద్రపఱచుడు.