ఉప్పెనలు అప్పుడూ వచ్చాయి కదా మాస్టారూ!

"1864లో సముద్రం బందరు మీదికొచ్చి ముప్ఫై వేలమందిని పొట్టన పెట్టుకుందంటారు. అప్పుడు ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ ఉందా? రోడ్ల మీద లారీలున్నాయా? మరి మనుషులేం చేశారని వచ్చింది మాస్టారూ ఆ ఉప్పెన?"

ఘంటసాలలో నన్ను ఈ ప్రశ్న అడగనివాళ్ళు తక్కువ. సైన్సు మాస్టరుగా రిటైరై, వరీ మినుమూ చేసుకుంటున్నవాణ్ణి కాబట్టి వానా ఎండల తగువులన్నీ మా అరుగు మీదే తేలాలి. అడిగేవాళ్ళు అమాయకులేం కాదు. మా ఊరే వాళ్ళ తరఫున సాక్ష్యం చెబుతుంది. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కంటకోస్సిల మా ఊరేనని చరిత్రకారుల మాట. ఇక్కడి మహాచైత్యం సంగతి నాగార్జునకొండ శాసనంలోనూ ఉంది. ఓడల వర్తకంతో వెలిగిన ఊరికి ఇవాళ సముద్రం ఇరవై కిలోమీటర్ల పైమాటే. కృష్ణమ్మ మోసుకొచ్చిన ఒండ్రు తీరాన్ని అంతదూరం జరిపింది. అందులో పొగగొట్టాల పాత్ర ఏమీ లేదు.

కాబట్టి ప్రకృతి తనంతట తానూ మారుతుంది. ఆ మాట ముందే ఒప్పేసుకుంటాను. కాకపోతే పూర్వం అలా మారింది గనక ఇప్పుడూ అందుకే మారుతోందని తేల్చేయడానికి వీల్లేదు. ఇప్పుడు భూమి వేడెక్కడానికి కారణం ఏమిటో విడిగా వెతకాలి. వెతికారు కూడా.

మినుము చేసే రైతుకు ఆ కారణం సగం ముందే తెలుసు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదునుండగానే చేలో మినుము చల్లేస్తాం. తర్వాత తడి పెట్టేది లేదు. ఆ పదునూ రాత్రి పడే మంచూ పంటను లాక్కొస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేలలోని వేడి కంటికి కనపడని కిరణాలుగా పైకి పోతుంది, ఆకు చల్లబడి తెల్లారేసరికి తడిసి ఉంటుంది. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడిలో కొంత మళ్ళీ కిందికే వస్తుంది, ఆకు పొడిగానే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ చేసే పనీ ఇలాంటిదే. అయితే అది కనపడదు, గాలివాటుకు విడిపోదు, వందల ఏళ్ళు ఉండిపోతుంది.

ఇది నిన్నమొన్నటి సిద్ధాంతం కాదు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయితే, మరుసటి ఏడే అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజుగొట్టంలో ఈ వాయువు నింపి ఎండలో పెట్టి, మామూలు గాలికంటే ఎక్కువ వేడెక్కుతుందని చూపించింది. 1958లో హవాయిలోని మౌనాలోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ కొలత మొదలుపెట్టినప్పుడు గాలిలో పదిలక్షల పాళ్ళకు 315 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 420 దాటింది.

పెరిగినదంతా మనిషి వదిలిందేనని ఎలా చెప్పడం? నాకు ముచ్చటేసే సాక్ష్యం ఇక్కడే ఉంది. తవ్వకాల్లో దొరికిన బొగ్గుముక్క వయసును పురావస్తువాళ్ళు కార్బన్-14తో లెక్కగడతారు. బతికున్న చెట్టులో అది ఉంటుంది, చచ్చాక సుమారు 5,730 ఏళ్ళకోసారి సగమవుతుంది. కోట్ల ఏళ్ళు భూమిలో మగ్గిన రాక్షసిబొగ్గులో, డీజిల్లో అది బొత్తిగా మిగలదు. అలాంటి ముసలి కార్బన్ గాలిలో కలిసేకొద్దీ గాలిలోని కార్బన్-14 పలచబడాలి. ఇరవయ్యో శతాబ్దపు చెట్ల కలపలో సరిగ్గా ఆ పలచదనమే కనిపించిందని హాన్స్ స్యూస్ 1955లో చూపించాడు. అడవులో సముద్రమో వదిలిన వాయువైతే ఈ గుర్తు ఇంతగా పడదు.

సూర్యుడి మీదికి తోసేద్దామా? సూర్యుడి వేడే పెరిగితే గాలి పైపొరలు కూడా వేడెక్కాలి. నేల దగ్గరి గాలి వేడెక్కుతుంటే పైపొర అయిన స్ట్రాటోస్ఫియర్ మాత్రం చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే అలా జరుగుతుంది.

మన దేశం లెక్కా ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో హింగణే, రూపకుమార్, రమణమూర్తి పాత రికార్డులన్నీ పోగేసి, ఎనిమిది దశాబ్దాల్లో దేశం 0.4 డిగ్రీ వేడెక్కిందని 1985లోనే రాశారు. 2020లో కేంద్రం వెలువరించిన నివేదిక 1901 నుంచి 2018 దాకా 0.7 డిగ్రీ అంది. "ముక్కాలు డిగ్రీకే ఇంత గోలా?" అంటాడు మా పక్క చేను ఆసామి. దేశం మొత్తానికి, ఏడాది పొడుగునా తీసిన సగటు అది!

2012 తర్వాత వచ్చిన 88,125 పరిశోధన పత్రాలను 2021లో ఒక బృందం పరిశీలిస్తే, కారణం గురించి ఏదో ఒకటి తేల్చి చెప్పినవాటిలో, ఈ వేడికి మనిషే కారణమన్న మాటతో ఏకీభవించేవి 99 శాతం పైన తేలాయి. శాస్త్రం చేతులెత్తించి తేల్చే వ్యవహారం కాదు. భౌతికశాస్త్రం, సముద్రశాస్త్రం, చెట్ల కలప, మంచుగడ్డలు దేనికది విడిగా బయల్దేరి ఒకే గుమ్మం ముందు ఆగడం వల్ల ఆ అంకె వచ్చింది.

అలాగని అన్నీ తేలిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన పనలు నీళ్ళలో తేలాయి, చల్లిన మినుము కుళ్ళింది. పడిపోయిన వరికి కంకి మీదే మొలకలొస్తాయని లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కొట్టాం. దానికి నేరుగా భూతాపమే కారణమని నేను చెప్పను. ఉత్తర హిందూమహాసముద్రంలో 1951 నుంచి తుపాన్ల సంఖ్య తగ్గిందనీ, 2000 తర్వాత వానాకాలం వెళ్ళాక వచ్చే అతి తీవ్ర తుపాన్లు పెరిగాయనీ, అందులో మనిషి పాత్ర ఇంకా స్పష్టంగా తేలలేదనీ ఆ 2020 నివేదికే రాసింది. అలా రాశారు కాబట్టే మిగతా మాటలు నమ్ముతాను.

దివిసీమ అంచున తీరం కోసుకుపోవడమూ అంతే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో చూపించింది ఆనకట్టలనే. ఎగువ జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతుంటే డెల్టాకు కొత్త మట్టి అందడం లేదు. ఇదీ మనిషి పనే, కానీ పొగతో చేసింది కాదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళతో నాకు తరచూ పేచీ.

ఇక 1864 ఉప్పెన. అది అచ్చంగా ప్రకృతిదే, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెననూ నేను పొగ ఖాతాలో రాయను. కానీ 1993 నుంచి 2017 దాకా ఉత్తర హిందూమహాసముద్ర మట్టం ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. రేపు అదే తుపాను అదే గాలితో వచ్చినా అల ఆ ఎత్తు మీంచే లేస్తుంది. ఈ శతాబ్దాంతానికి ప్రపంచ సగటున సముద్రం ఎంత పెరుగుతుందంటే, పొగ గట్టిగా తగ్గిస్తే 28 నుంచి 55 సెంటీమీటర్లు, బాగా పెరగనిస్తే 63 నుంచి 101 సెంటీమీటర్లు అని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2021 అంచనా.

"మరి నాగాయలంక కరకట్ట ఎంత ఎత్తు ఉందండీ?" అన్నాడు పక్క చేను ఆసామి.