గుండె వీక్‌గా ఉంటే బైపాస్ చేస్తారా?

మన గోదావరిఖనిలో బాయి పని చేసి రిటైరైన బాపుకు ఎకో తీస్తే, ఈఎఫ్ 30 అని వచ్చిందనుకోండి. ఇల్లంతా భయమే. ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కసారి కొట్టుకుంటే బయటికి పోయే శాతమే ఈఎఫ్. మామూలుగా 55 దాటి ఉండాలి.

అయినా చాలామందికి బైపాస్ చేయొచ్చు. సాధారణంగా పొటాషియం కలిపిన చల్లటి ద్రవం పంపి గుండెను ఆపుతారు. ఆగిన గుండెకు ఆక్సిజన్ ఖర్చు బాగా తగ్గుతది. ఫోన్ స్విచాఫ్ చేసి రిపేర్ చేసినట్టే. కాకపోతే వీక్ గుండె మళ్లీ ఆన్ అయ్యి, లోడ్ మోయడమే అసలు టెన్షన్.

అందుకే కొందరికి తొడ దగ్గరి రక్తనాళం నుంచి పెద్ద ధమనిలోకి బెలూన్ పెడతారు. గుండె రెస్ట్ తీసుకునే క్షణంలో అది ఉబ్బి, గుండె నాళాలకు రక్తం తోస్తది. కొట్టుకునే ముందు ముడుచుకుని లోడ్ తగ్గిస్తది. సూపర్ టైమింగ్ కదా!

అది అందరికీ అవసరం పడదు. సర్జన్‌నే అడగండి. హైదరాబాద్ బయల్దేరేటప్పుడు ఎకో రిపోర్టు, యాంజియో సీడీ మర్చిపోకండి.