బంతి రాకముందే

విశాఖ చెంత ఆనందపురము వంటి ఊళ్ల ఖాళీ స్థలములలో సాయంకాలము పిల్లలు బంతి తన్నుచుండగా గట్టున నిలిచి చూచువారు, ముగ్గురు నలుగురిని తప్పించుకొని బంతిని విడువక ముందుకు పోగల కుర్రవానిని చూపి, వీడే గొప్ప ఆటగాడగునని నిశ్చయించుట పరిపాటి. ఆ నేర్పు మనోహరమే. కాని వృత్తిగా ఫుట్‌బాల్ ఆడు వేలాది మందిలో అగ్రశ్రేణికి చెందిన కొలదిమందిని వేరుచేయునది అది కాదని నా దృఢమైన అభిప్రాయము.

తొంబది నిమిషముల ఆటలో ఒక్కొక్కని కాలియొద్ద బంతి నిలుచునది రెండు మూడు నిమిషములే; తక్కిన కాలమంతయు అతడు పది కిలోమీటర్లకు పైగా నడచుచు, పరుగెత్తుచు, ఎదిరిపక్షము ఎచ్చట సడలుచున్నదో వెదకుచుండును. స్పెయిన్ మధ్యరంగ ఆటగాడు జావీ, బంతి తనను చేరకమునుపే పలుమారులు ఇరుప్రక్కలకు తల త్రిప్పి చూచువాడు. అందుచేతనే బంతి అందిన క్షణమున అతనికి ఆలోచింపవలసిన పని మిగిలెడిది కాదు.

ఈ రహస్యమును మన తెలుగు నేలపై అందరికంటె ముందుగా గ్రహించినవాడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. అతని శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలుచుకొనెను. అతని శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకములను సాధించెను. ఆయన నెరపిన పోటీలు విలక్షణమైనవి. ఒక పోటీలో డ్రిబ్లింగు, అనగా బంతిని కాలితో నడిపించుకొనుచు పోవుట, నిషిద్ధము. మరియొక దానిలో బలహీనమైన కాలితోనే ఆడవలెను. బంతిని వెంటబెట్టుకొని పోవు వీలు లేనివాడు, అది అందకమునుపే దానిని ఎవరికి పంపవలెనో నిర్ణయించుకొనక తప్పదు గదా! ఒక్క కాలితోనే ఆడనేర్చినవానిని ఆ కాలివైపు మూసివేసి కట్టడి చేయుట ఎదిరికి సులభము. రెండు కాళ్లును ఒకే తీరున పలుకువానికి మైదానమంతయు తెరచియుండును. అనేక గ్రంథములు బోధింపలేనిదానిని ఆ రెండు నియమములు బాలుర ఒంటికి పట్టించెను.

ఆ గురువు చేతిలో రూపొందినవారిలో తులసీదాస్ బలరాంను నేను ప్రత్యేకముగా స్మరింతును. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో, తమిళ తల్లిదండ్రులకు, పేదరికమున జన్మించిన ఆ బాలుడు అభ్యాసమునకు రాకపోకలు చేయలేకపోగా, రహీం అతనికి సైకిలు సదుపాయము కలిగించెనని చెప్పుకొందురు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానము పొందిన భారత జట్టులో అతడొకడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారతము చేసిన గోలులు మూడు. అందు రెండు బలరామువి, ఒకటి హంగేరీపైనను, మరొకటి పెరూపైనను. ఆనాటి హంగేరీ సామాన్యమైనది కాదు; అనంతరము ఐరోపాలో ఉత్తమ క్రీడాకారుడుగా సత్కరింపబడిన ఫ్లోరియాన్ ఆల్బర్ట్ అందు ఆడుచుండెను. భారతము ఆ ఆటను 2-1 తేడాతో ఓడిపోయినది. అయినను అటువంటి ప్రతిపక్షము ఎదుట నిలిచి గోలు చేయుటయే శ్రేణిని తేల్చు అసలైన పరీక్ష. ఊరి పోటీలో యాబది గోలులు కొట్టినవాడు చాలామందికి కనబడును. ఆలోచించుటకు అరక్షణమును మిగుల్చని శత్రువు ఎదుట తన ఆటను ఆడగలవాడు అరుదు.

ఈ పరీక్షను ఏండ్ల తరబడి నెగ్గవలెను. ఇందు దేహమునకు గల పాలు మనోబలమునకంటె తక్కువది కాదు. 1962లో జకార్తా స్వర్ణమున పాలుపంచుకొని, అదే యేట అర్జున పురస్కారము పొందిన బలరాం, శ్వాసకోశ వ్యాధిచే ముప్పది యేండ్లు నిండకమునుపే ఆటను విడువవలసివచ్చెను. 1963లో రహీం క్యాన్సరుతో కన్నుమూసెను. కొద్ది మాసముల యెడములో గురువును, శిష్యుని ఆటను కోల్పోయిన భారత ఫుట్‌బాల్‌కు కలిగిన నష్టమును తలచినపుడు నాకిప్పటికిని మనస్సు కలతపడును.

నేడు క్రీడాకారుల పరుగులను, గుండెవేగమును, పాసులను యంత్రములు లెక్కించుచున్నవి. నిజామాబాదు జిల్లా తండా నుండి బయలుదేరిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరినది. అట్టి యంత్రములును, అంతటి దూరము పోవుటకు వలసిన శిక్షణయు అందరికి అందుబాటులో లేవు. కాని రహీం పోటీలకు యంత్రములు అక్కరలేదు. విశాఖలోని రైల్వే, పోర్టు, ఉక్కునగరము మైదానములలోనే గాక, ఆనందపురము పాఠశాలలందును నెలకొకసారి బలహీనమైన కాలి ఆట ఒకటి, డ్రిబ్లింగు లేని ఆట ఒకటి పెట్టవచ్చును. ఒక బంతియు, నియమము తప్పినపుడు ఈల వేయు ఉపాధ్యాయుడును ఉన్న చాలును.