మునక లెక్కలు

సూరత్‌లో లింబాయత్ వైపు మరమగ్గాల సందుల్లో నడిస్తే తెలుగు చెవిన పడని పూట ఉండదు. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలవి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు పెట్టింది. సెలవు దొరికితే ఈ కుటుంబాలు డుమస్ ఒడ్డుకు చేరతాయి. నల్లని ఇసుక, వేడివేడి టమాటా బజ్జీలు, ఎదురుగా చాయ్ రంగు సముద్రం. ఆ ఒడ్డున ఒక పిల్ల తండ్రిని అడుగుతుంటే విన్నాను: "మనకూ సముద్రం ఉంది గదా బాపూ, నీళ్లల్ల మునిగి చేపలు సూడనీకి అందరు అండమాన్ ఎందుకు పోతరు?" తండ్రి నవ్వి ఊరుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను. ఆ ప్రశ్నలో భూగోళం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం మూడూ ఉన్నాయి.

ముందు ఆ చాయ్ రంగు సంగతి. సూరత్‌ను ఒరుసుకుంటూ పోయే తాపీ నది ఖంభాత్ సింధుశాఖ దగ్గర సముద్రంలో కలుస్తుంది. నర్మద, మహి, సాబర్మతి కూడా అందులోకే వస్తాయి. తాపీ, నర్మదలు దక్కన్ నల్లరాతినీ నల్లరేగడినీ కోసుకుంటూ దిగే నదులు. ఏ పత్తి నేల సూరత్ మగ్గానికి నూలు ఇచ్చిందో, ఆ నేల పొడే ఇక్కడి నీటిని కలచివేస్తోంది. అయితే నదులు ఒండ్రు తేవడం కొత్త కాదు, గోదావరీ తెస్తుంది. ఖంభాత్ ప్రత్యేకత ఆ ఒండ్రు అడుగున కూర్చోకపోవడం. ఈ సింధుశాఖ గరాటు ఆకారంలో ఉంటుంది. లోపలికి వచ్చేకొద్దీ వెడల్పూ లోతూ తగ్గిపోవడంతో పోటుకు వచ్చిన నీటికి పైకి లేవడం తప్ప దారి ఉండదు. విశాఖపట్నంలో పౌర్ణమి నాడు పోటుకూ ఆటుకూ మధ్య నీటి ఎత్తులో తేడా సుమారు ఒకటిన్నర మీటరు. భావ్‌నగర్ దగ్గర అది 10 మీటర్లు దాటుతుంది. అంటే మూడంతస్తుల మేడంత నీరు ఆరుగంటల్లో లేచి, మరో ఆరుగంటల్లో దిగిపోతుంది. ఆ పరుగులో ప్రవాహం కొన్నిచోట్ల సెకనుకు 3 మీటర్ల వేగం అందుకుంటుంది. మంచి గజ ఈతగాడైనా ఆ వేగానికి ఎదురీదలేడు.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడాలి. నీటిలో రేణువు ఎంత వేగంగా దిగుతుందో చెప్పే సూత్రాన్ని జార్జ్ స్టోక్స్ 1851లో ఇచ్చాడు. మిల్లీమీటరులో 500వ వంతు వ్యాసం ఉన్న బంకమట్టి రేణువుకు ఆ సూత్రం వేస్తే, రోజుకు సుమారు 30 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. పది మీటర్ల లోతుకు చేరాలంటే నెల పైమాటే. ఉప్పునీటిలో రేణువులు ఒకదానికొకటి అంటుకుని కొంత త్వరగా దిగే మాట నిజమే. కానీ ఇక్కడ ఆరుగంటలకోసారి అడుగుదాకా కవ్వం తిరుగుతుంటే కూర్చునే తీరిక ఏదీ?

ఈ నీటిలో మనిషి చూపు పనిచేయదనడానికి పెద్ద ఉదాహరణే ఉంది. 2001 మే నెలలో నాటి కేంద్రమంత్రి మురళీ మనోహర్ జోషి, ఖంభాత్ సింధుశాఖ అడుగున పురాతన నగరం లాంటి ఆకృతులు కనిపించాయని ప్రకటించారు. వాటిని కనిపెట్టింది జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ. కనిపెట్టింది కళ్లతో కాదు, సోనార్ ధ్వనితరంగాలతో. ఆ తర్వాత అడుగును గీకి పైకి లాగిన వస్తువుల్లో ఒక చెక్కముక్క వయస్సు 9 వేల ఏళ్లు దాటినట్టు తేలింది. ఆ ముక్క పాతదే కావచ్చు. అది అక్కడి నగరానిదేనా, లేక ప్రవాహం ఎక్కడినుంచో దొర్లించుకొచ్చి పడేసిందా? పురావస్తు శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అడిగింది ఇదే. వస్తువును అది దొరికిన పొరలోనే చూస్తే తప్ప ఆ ప్రశ్నకు జవాబు రాదు. అక్కడికి దిగి, నిలిచి, చూసే వీలు ఈ నీరు ఇవ్వదు. ఒక నాగరికత గురించిన వివాదం తేలకపోవడంలో బురదకు ఇంత వాటా ఉండటం నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

గుజరాత్‌లో డైవింగ్ లేదని దీని అర్థం కాదు. సౌరాష్ట్ర పడమటి కొనకు పోతే నీరు కొంత తేటపడుతుంది. హరప్పా నాగరికత పట్టణం లోథాల్‌ను తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు నాయకత్వంలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1983 నుంచి ద్వారక తీరంలో డైవర్లను దింపి పాత పట్టణం ఆనవాళ్ల కోసం వెతికింది. మలిచిన రాళ్లు, మూడు రంధ్రాల రాతి లంగర్లు ఎన్నో వాళ్లు చేత్తో తడిమి, కొలిచి, చిత్రించినవే. ద్వారకకు దగ్గరలోని శివ్‌రాజ్‌పూర్ తీరానికి 2020లో, శుభ్రమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది.

ఇక నీలం రంగు దీవుల మాట. అండమాన్‌లోనూ లక్షద్వీప్‌లోనూ నీరు తేటగా ఉండటానికి ఒక కారణం, ఒండ్రు దించే పెద్ద నదులు లేకపోవడం. రెండో కారణం కొంచెం వింతగా తోస్తుంది: ఆ నీరు పేదది. ఉష్ణమండలంలో ఎండకు వేడెక్కిన పైనీరు తేలికై, అడుగునున్న చల్లని, పోషకాలున్న నీటితో కలవకుండా మూతలా నిలుస్తుంది. పోషకాలు లేకపోతే నీటిని పచ్చబరిచే సూక్ష్మజీవులు పెరగవు. మనం మెచ్చుకునే ఆ స్ఫటికపు నీలం నిజానికి ఆకలి రంగు. అంత పేదనీటిలో పగడపు దిబ్బలు ఎలా బతుకుతాయంటే, పగడపు జీవి తన ఒంట్లోనే సూక్ష్మ శైవలాలకు చోటిచ్చి, అవి ఎండతో వండిన తిండిని పంచుకుంటుంది. ఎండ అందాలంటే నీరు తేటగా ఉండాలి.

అండమాన్ మనకు పరాయిది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి పదిమందిలో ఒకరికి పైగా తెలుగు మాతృభాష అన్నవారే. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకూ కూలికీ పోయి నిలిచిన కుటుంబాలవారు వారిలో చాలామంది. స్వరాజ్ ద్వీప్ అని 2018లో పేరు మారిన హేవ్‌లాక్ దీవి నుంచి రోజూ పొద్దున్నే డైవింగ్ పడవలు కదులుతాయి. ఒక గైడుకు నలుగురే అనే పడవలు కొన్ని, ఎంతమంది దొరికితే అంతమందిని ఎక్కించుకునేవి కొన్ని. మొదటిది డబ్బున్నవాళ్ల దర్జా అనుకుంటారు. నేను కాదంటాను. ఆ నలుగురు అన్న సంఖ్యను నిర్ణయించేది నీటి స్వభావమే.

డైవరు వీపుకు కట్టుకునే సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందని చాలామంది నమ్మకం. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. వడగట్టి, తేమ తీసి, వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్లు నొక్కి నింపుతారు. 11 లీటర్ల సిలిండర్‌లో అలా 2,200 లీటర్ల గాలి పడుతుంది. నీటి పైభాగాన స్థిమితంగా ఈదే మనిషికి నిమిషానికి 20 లీటర్లు చాలు. కానీ సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుంది. 10 మీటర్ల లోతున ఛాతీ మీద రెండింతల బరువు ఉంటుంది. దాన్ని ఎదిరించి ఊపిరితిత్తులు విచ్చుకోవాలంటే లోపలికి వచ్చే గాలీ అంతే ఒత్తిడితో రావాలి. చుట్టూ ఎంత ఒత్తిడి ఉందో చూసి, అంతే ఒత్తిడితో, పీల్చినప్పుడు మాత్రమే గాలి వదిలే రెగ్యులేటర్‌ను 1943లో ఫ్రాన్స్‌లో కుస్తో, గాన్యాన్ తయారుచేశారు. స్కూబా డైవింగ్ అంతా ఆ చిన్న కవాటం మీద నిలబడి ఉంది. ఫలితంగా 10 మీటర్ల దగ్గర నిమిషానికి 40 లీటర్లు, 20 మీటర్ల దగ్గర 60 లీటర్లు ఖర్చవుతాయి. నాలుగోవంతు గాలిని ఆపదకని దాచుకుంటే మిగిలేది 1,650 లీటర్లు: 10 మీటర్ల దగ్గర 41 నిమిషాలు, 20 మీటర్ల దగ్గర 27.

ఇది స్థిమితమైన మనిషి లెక్క. కొత్తవాడి గుండె దడదడలాడుతుంది, ఊపిరి రెండింతలవుతుంది, 41 నిమిషాలు 20 అవుతాయి. గుంపులో ఎవరి గాలి ముందు తగ్గితే ఆ మనిషిని పైకి చేర్చాలి. మిగిలినవాళ్లను గైడు లేకుండా వదలకూడదు. కాబట్టి గుంపు పెద్దదయ్యేకొద్దీ, అందులో ఎవరో ఒకరి గాలి త్వరగా తగ్గే అవకాశం పెరిగి, అందరి సమయమూ కోసుకుపోతుంది. ఇంకొకటి చూడండి. ఇద్దరిద్దరుగా జతకట్టి, జతల మధ్య రెండు మూడు మీటర్ల ఎడంతో ఎనిమిదిమంది సాగితే వరుస పొడవు పది మీటర్లు దాటుతుంది. చూపు పది మీటర్లే ఆనే రోజున చివరి మనిషి మొదటి మనిషికి నీడలా కనిపిస్తే గొప్ప. పిలుద్దామంటే నోట్లో రెగ్యులేటర్. సిలిండర్ మీద టంగుమని కొడితే అందరికీ వినబడుతుంది, కానీ ఏ వైపునుంచో తెలియదు. గాలిలో శబ్దం కుడిచెవికీ ఎడమచెవికీ చేరే కాలంలోని తేడాను బట్టి మెదడు దిక్కు కనిపెడుతుంది. నీటిలో శబ్దం సెకనుకు 1,500 మీటర్లు పోతుంది, గాలికన్నా నాలుగింతలు మించి. ఆ తేడా మెదడుకు అందనంత సన్నబడిపోతుంది. నలుగురైతే గైడు ఒక్కసారి తల తిప్పి ఎనిమిది కళ్లూ చూడగలడు.

ఆ కళ్లను చూడటం ఎందుకంత ముఖ్యమో పైకి వచ్చేటప్పుడు తెలుస్తుంది. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన ఊపిరిని బిగబట్టి పైకి లేస్తే, ఆ గాలి రెండింతలుగా వ్యాకోచించి ఊపిరితిత్తుల గోడలను చీలుస్తుంది. భయపడిన మనిషి చేసేవి సరిగ్గా ఆ రెండే: ఊపిరి బిగబట్టడం, పైకి ఉరకడం. చేయి చాచితే అందే దూరంలో గైడు ఉండాలి. నైట్రోజన్ సంగతి ఇంకా సూక్ష్మమైనది. గోలీ సోడా కొట్టినప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. గోలీ దిగిన క్షణాన ఒత్తిడి పడిపోయి, అంతదాకా నీటిలో కనబడకుండా కరిగి ఉన్న వాయువు బుడగలై పొంగుతుంది. లోతున పీల్చిన నైట్రోజన్ కూడా అలాగే రక్తంలోకీ కండరాల్లోకీ కరుగుతుంది. మెల్లగా లేస్తే శ్వాసలోంచి బయటికి పోతుంది. ఉరికితే కీళ్లలో, నరాల్లో బుడగ కడుతుంది. బ్రూక్లిన్ వంతెన పునాదులను అధిక పీడనపు గదుల్లో కట్టించిన వాషింగ్టన్ రోబ్లింగ్‌ను 1872లో మంచాన పడేసింది ఈ జబ్బే. జాన్ స్కాట్ హాల్డేన్ మేకలను పీడనపు గదిలో పెట్టి పరీక్షించి, ఎంత లోతున ఎంతసేపు ఉంటే ఎలా ఆగుతూ పైకి రావాలో చెప్పే పట్టికలను 1908లో ప్రచురించాడు. నేటి డైవరు నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేచి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం వెనుక ఆ మేకల రుణం ఉంది.

మనుషుల క్షేమం ఇలా ఉంటే, పగడపు దిబ్బ క్షేమం వేరే ఉంది. బండరాయిలా గుండ్రంగా పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాలికి తొడిగిన రబ్బరు రెక్క ఒక్కసారి తగిలితే ఎన్నేళ్ల పెరుగుదల విరుగుతుందో లెక్కవేసుకోవచ్చు. కరీబియన్‌లోని బొనేర్ దీవి దిబ్బలను పరిశీలించినవారు, ఒక్కో చోట ఏడాదికి 4,000 నుంచి 6,000 మునకలు దాటితే నష్టం కంటికి కనబడుతుందని 1990లలో అంచనా వేశారు. అక్కడ దిబ్బ మీద లంగరు వేయనివ్వరు; అడుగున బిగించిన బోయాకే పడవను కట్టాలి. ఈజిప్టులోని రాస్ మొహమ్మద్‌లో చేసిన అధ్యయనం 1997లో అచ్చయింది. మునకకు ముందు పగడం జీవమున్న ప్రాణి అని వివరంగా చెప్పి, నీటిలో చూపించి నేర్పితే, డైవర్లు దానిని తాకడం మూడోవంతు కన్నా తక్కువకు పడిపోయింది. అలా చెప్పడానికీ చూపించడానికీ కూడా నలుగురే అనువు. ఇరవైమందికి చెప్పేది ప్రకటన అవుతుంది గానీ పాఠం కాదు. మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, పులితో సమానంగా, రక్షణ ఉంది. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారుతున్న కాలమిది. 2010లో అండమాన్ దిబ్బలు ఆ దెబ్బ గట్టిగా తిన్నాయి. ఆ వేడిని ఏ పడవా ఆపలేదు. కోలుకుంటున్న దిబ్బను తొక్కకుండా ఉండటం మాత్రం పడవ చేతిలోనే ఉంది.

డుమస్ ఒడ్డున ఆ పిల్లకు ఇదంతా చెప్పే వీలు దొరకలేదు. దొరికి ఉంటే, అండమాన్ కన్నా ముందు నరారాకు పొమ్మని వాళ్ల బాపుతో అనేవాణ్ణి. జామ్‌నగర్ దాటి వాడినార్ వైపు, కచ్ సింధుశాఖ అంచున ఉంది నరారా. 1982లో ఏర్పడిన, దేశంలోనే మొదటి సముద్ర జాతీయ ఉద్యానం ఈ తీరానిదే. నీరు ఇక్కడా మురికే; అయినా మురికికి ఓర్చుకునే గుండ్రని పగడాలు బతుకుతున్నాయి. ఏ పోటు సూరత్‌లో మనకు చూపు లేకుండా చేసిందో, నరారాలో ఆ ఆటుపోట్లే తెర తీస్తాయి. అటవీశాఖ అనుమతితో, స్థానిక గైడు వెంట, పౌర్ణమికో అమావాస్యకో అటూ ఇటూగా పోవాలి. సిలిండర్ అక్కర్లేదు, పడవా అక్కర్లేదు. ఆటుకు సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి జరిగితే మడమలోతు నీటిలో సముద్రపు అడుగు మీదే నడుస్తాం. రాతి సందున ఆక్టోపస్, నీటి గుంటలో ఉబ్బిన బుడగచేప, పూవులా విచ్చుకున్న సీ ఎనిమోన్. ఎక్కడ అడుగు వేయాలో గైడు కర్రతో చూపిస్తాడు. రెండు మూడు గంటలకు అతని చూపు దూరాన నీటి గీత మీదికి పోతుంది. ఆ గీత కదిలిందంటే ఒడ్డుకు తిరగాల్సిందే.