బ్యూటీ పార్లర్‌లో నిప్పుతో జాగ్రత్త!

పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయంటే బ్యూటీ పార్లర్లలో కూర్చోవడానికి చోటు దొరకదు. ఇరుకు గదిలో ఒకరికి గోళ్ళరంగు, ఒకరికి వాక్సింగు, మరొకరికి హెయిర్ డ్రయ్యరుతో జుట్టు ఆరబెట్టడం అన్నీ ఒకేసారి సాగుతుంటాయి. లోపల అడుగు పెట్టగానే ముక్కుకు ఘాటుగా తగిలే ఆ వాసన ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? గాలి ఆడని గదిలో ఆ వాసన వేస్తోందంటే, మండే ఆవిరి అక్కడ పేరుకుంటోందన్నమాట.

గోళ్ళరంగు తుడిచే ద్రవాల్లో ఎక్కువగా వాడేది అసిటోన్. పెట్రోలు మాదిరిగానే ఇది మామూలు వేడికే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గాలికంటే సుమారు 2 రెట్లు బరువు. అందుచేత పైకి పోకుండా నేల మీదుగా పాకి, దూరాన ఉన్న నిప్పును కూడా అందుకోగలదు. సీసా ఒక మూల, దేవుడి పటం ముందు దీపం మరో మూల ఉన్నాయి కదా అని ధీమాగా ఉండరాదు. అసిటోన్ లేదని రాసి ఉన్న ద్రవాలు కూడా చాలావరకు మండేవే. హెయిర్ స్ప్రే డబ్బాల్లో ఆల్కహాలుతో పాటు, తరచు వంటగ్యాసు జాతి వాయువులే ఉంటాయి.

కొందరు ఈ నిప్పును కావాలనే నెత్తికి తెచ్చుకుంటున్నారు. 2022 అక్టోబరులో గుజరాత్‌లోని వాపీ పట్టణంలో ఒక యువకుడు సెలూన్‌లో నిప్పుతో జుట్టు కత్తిరించే వింత పద్ధతికి ఒప్పుకుని, మెడ, ఛాతీ కాలి ఆసుపత్రి పాలయ్యాడు. మీ ఇంట్లో కుర్రవాళ్ళు అలాంటి సరదా పడితే గట్టిగా వారించండి.

పార్లర్‌కు వెళ్ళినప్పుడు మొదట బయటికి దారి ఎటో చూసుకోండి. ఆడవాళ్ళ పార్లర్లలో మరుగు కోసం తలుపు గడియ పెట్టి, తెర దించుతారు. మరుగుకు తెర చాలు. తాళం మాత్రం వేయనివ్వకండి. స్ప్రే కొట్టిన వెంటనే జుట్టుకు వేడి ఇస్త్రీ పెట్టనివ్వకండి. నైలాను, పాలియెస్టరు చీరలు మంటకు కరిగి ఒంటికి అంటుకుంటాయి కాబట్టి నూలు బట్టలు కట్టుకుని వెళ్ళడం మేలు.

ఇంటి ముందుగదిలో పార్లరు నడిపే సోదరీమణులు మరింత జాగ్రత్త పడాలి. ఒకే ప్లగ్గుకు వాక్స్ హీటరు, డ్రయ్యరు, స్టీమరు తగిలించకండి. దీపం, అగరువత్తి ఆరిపోయాకే సీసాల మూతలు తీయండి. ద్రవంలో తడిసిన దూదిని మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. కరెంటు మంటకు కూడా పనికొచ్చే పొడి రకం అగ్నిమాపక సిలిండరును తలుపు దగ్గర ఉంచి, వాడే విధానం నేర్చుకోండి. వాక్సు అంటుకుంటే నీళ్ళు పోయవద్దు. చేయి అందితే స్విచ్ ఆపి, లోహపు మూత బోర్లించండి. మంట పెరిగితే వస్తువుల కోసం ఆగకుండా అందరినీ బయటికి పంపి 101కి గాని, 112కి గాని ఫోన్ చేయండి.

బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడుకుని దొర్లాలి, లేదా పక్కనున్నవారు మందపాటి దుప్పటి కప్పాలి. కాలినచోట వెంటనే 20 నిమిషాలు చల్లని కుళాయి నీళ్ళు ధారగా పోయండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయండి. వేడి వాక్సు పడితే లాగవద్దు. దానిమీదే నీళ్ళు పోయండి. సిరా, నెయ్యి, టూత్‌పేస్టు, మంచుముక్క ఏవీ వద్దు. బొబ్బలు చిదమకండి. ముఖం, చేతులు కాలినా, అరచేతికంటే పెద్ద గాయమైనా ఆసుపత్రికి వెళ్ళవలసిందే. 108కి ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది.

నిప్పుతో సంబంధం లేని బాధ మరొకటి ఉంది. జుట్టుకు వేసే రంగు కొందరికి పడక, ముఖం వాచి కళ్ళు మూసుకుపోతాయి. రంగు వేయించుకోవడానికి 48 గంటల ముందే మోచేతి మడతలో చుక్క రాసి చూసుకోవాలి. దురద పుడితే ఆ రంగు మానుకోండి.

ఈసారి పార్లర్‌లో కుర్చీలో కూర్చునే ముందు ఒక్క నిమిషం చుట్టూ చూడండి. తలుపుకు తాళం వేసి ఉన్నా, దీపం పక్కనే సీసాల మూతలు తీసి ఉన్నా మొహమాటపడకుండా చెప్పండి. వారు సరిచేయకపోతే మరో పార్లరు చూసుకోండి.